తిరిగి డ్యూటీలో చేరే ముందు

మీవారు అబిడ్స్‌లో బట్టల దుకాణంలో సేల్స్‌మన్ కావచ్చు, మీ అమ్మాయి నాంపల్లిలో ఏదో ఆఫీసులో గుమస్తా కావచ్చు. డిశ్చార్జి అనగానే "డ్యూటీకి ఎప్పుడు వెళ్ళవచ్చు?" అని అడుగుతారు. అక్కడ తోటివారితో ఎలా ఉంటోందో కూడా డాక్టరుకు చెప్పండి. 2019లో పనిచేసే వయసువారిలో 15 శాతం మందికి మానసిక రుగ్మత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తోటివారి సహకారం లేకపోవడం, పైవారి వేధింపు ఆ ముప్పును పెంచుతాయి.

గొడవ తరచు చిన్న విషయంతోనే మొదలవుతుంది. ఆపరేషన్ అయిన మనిషి పై అరలోని తానులు దించలేడు. సంగతి తెలియని పక్కవాడు "పని ఎగ్గొడుతున్నాడు" అనుకుంటాడు. ఆ బరువు తన మీదే పడుతుంది కదా, అతన్నీ తప్పుపట్టలేం! అందుకే, రోగి ఒప్పుకుంటే, నమ్మకమైన తోటి ఉద్యోగి ఒకరిని ముందే పిలిచి, ఏ పని ఎన్నాళ్ళు చేయకూడదో చెప్పండి. జబ్బు పేరు చెప్పనవసరం లేదు. కూర్చోవడానికి స్టూలు వేయమని యజమానిని అడగండి. దుకాణాల సిబ్బందికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టమే తెచ్చాయి. మధ్యాహ్నం డబ్బాలో ఇంకొకరికి సరిపడా కూర పెట్టి పంపండి.

చేరిన తర్వాత నిద్ర పట్టకపోయినా, ఇంట్లో మాట్లాడటం తగ్గించినా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితంగా, తెలుగులోనే, 24 గంటలూ మాట్లాడతారు.