కెమెరాకు తూకం

నడుస్తూ వీడియో తీస్తే తెరమీద బొమ్మ గంతులేస్తుంది. దీనికి విరుగుడుగా గారెట్ బ్రౌన్ అనే అమెరికన్ కెమెరామన్ 1970లలో స్టెడీకామ్ తయారుచేశాడు. 1976 నాటి ‘రాకీ’లో హీరో ఫిలడెల్ఫియా మ్యూజియం మెట్లెక్కే దృశ్యం దానితో తీసిందే.

చేత్తో పట్టుకునే స్టెబిలైజరు దాని తమ్ముడు. ఒక కడ్డీ, పైన కెమెరా, అడుగున బరువు బిళ్ళలు, నడుమ ఎటైనా తిరిగే గింబల్. పిడి గింబల్‌కే ఉంటుంది గనుక చెయ్యి అటూఇటూ వంగినా కడ్డీ వంగదు.

మొదట కెమెరాను ముందువెనుకలకూ పక్కలకూ జరిపి కడ్డీని నిటారుగా నిలపాలి. అది ఓపిక పని, అంతే. అసలు చిక్కు అడుగు బరువు దగ్గరుంది. ఎంత బరువు వేస్తే అంత నిలకడ అనుకుంటారు చాలామంది. కాదండీ! గరిమనాభి గింబల్‌కు మరీ కిందికి పోయిందంటే అది లోలకమే. మనం కదిలినా ఊగుతుంది, ఆగినా ఊగుతుంది. పైకి పోతే తలకిందులే. గింబల్‌కు ఇసుమంత కింద ఉంటే చాలు. పరీక్ష ఏమిటంటే, కడ్డీని అడ్డంగా పట్టి వదలాలి. నిటారుకు రావడానికి సుమారు రెండు సెకన్లు పట్టాలి. టక్కున పడితే ఒక బిళ్ళ తీసేయండి.

ఇక జడత్వ భ్రామకం. మా ఊళ్ళో కావడి మోసినవాళ్ళకు ఇది పుస్తకం లేకుండానే తెలుసు. బిందెలు రెండు చివర్లా ఉంటే కావడి గబుక్కున తిరగదు. అవే బిందెలు భుజం దగ్గరికి జరిపితే ఇట్టే తిరుగుతుంది. బరువు అదే, పంపకం వేరు. తేలికైన ఫోను పెట్టేటప్పుడు పైన కూడా ఒక ఇనుప బిళ్ళ కట్టేది ఇందుకే.

ఇప్పుడు మోటార్ల గింబల్స్ వచ్చాయి. వాటికీ ముందు చేత్తో తూకం చెయ్యాలి. లేకుంటే మోటార్లు ఊరికే వేడెక్కి, బ్యాటరీని తాగేస్తాయి.