ప్రశ్నలు - జవాబులు: బండి మీద ఇంగ్లిష్ చానెల్ దాటి రెండు రోజులు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. 650 సీసీ ఎన్‌ఫీల్డ్ ఉంది. శుక్రవారం రాత్రి బయలుదేరి, ఆదివారం రాత్రికి తిరిగొచ్చేలా మరో ఇద్దరు స్నేహితులతో ఫ్రాన్స్ వెళ్దామనుకుంటున్నాం. నార్మండీ, డంకర్క్, బెల్జియంలో ఈపర్, సముద్రం ఒడ్డు ఊళ్లు... అన్నీ కుదురుతాయా?
- ఒక పాఠకుడు, రెడింగ్

జవాబు: కుదరవు. 1944 జూన్‌లో సైన్యాలు దిగిన నార్మండీ తీరం కలే నుంచి మూడు వందల కిలోమీటర్ల పైమాటే. ఈపర్ చూస్తే అటు, ఎదురు దిక్కున. రెంటినీ ఒక్క వారాంతంలో ఇరికిస్తే చివరికి మీకు గుర్తుండేవి పెట్రోలు బంకులే. నార్మండీని ఇంకో సెలవుకి ఉంచుకోండి. దాని దారి కూడా వేరే: పోర్ట్స్‌మత్‌లో రాత్రి పడవెక్కితే పొద్దున్నే విస్త్రెయామ్ రేవులో దిగుతారు, ఆ దాడిలో పేరొందిన పెగసస్ వంతెన అక్కడికి దగ్గరే.

ఈసారికి కలే చుట్టుపక్కల చాలు. ఫోక్‌స్టన్‌లో సొరంగం రైలెక్కితే 35 నిమిషాల్లో అవతల ఉంటారు. బండి గేర్‌లో పెట్టి, సైడ్ స్టాండ్ వేసి, పక్కనే నిలబడాలి. డోవర్ పడవైతే గంటన్నర. అందులో బండిని పట్టీలతో బిగించి కట్టాలి, సీటు మీద పాత తువ్వాలు వేసుకుంటే గీతలు పడవు.

శనివారం పొద్దున్న ముందు నవ్ షాపెల్ వెళ్లండి. ఇంగ్లండ్ నుంచి వెళ్లే భారతీయులు ఈపర్ చూసి, ఫొటోలు దిగి, దీన్ని వదిలేసి రావడం నాకు మింగుడుపడదు. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 మార్చి 10 నుంచి 13 దాకా ఇక్కడ పోరాడిన బ్రిటిష్ సైన్యంలో మన లాహోర్, మీరట్ డివిజన్లున్నాయి. పొలాల మధ్య ఒక కూడలి, దాని పక్కన గుండ్రటి ప్రాకారం, అదే భారత సైనికుల స్మారకం. న్యూఢిల్లీ సెక్రటేరియట్ భవనాలకు నమూనా గీసిన హెర్బర్ట్ బేకరే దీనికీ గీశాడు, 1927లో ప్రారంభించారు. తామరపువ్వు శిరసున ఉన్న ఎత్తయిన స్తంభం, దానికి రెండు పక్కలా రాతి పులులు, సగం చుట్టూ జాలీ పని. సమాధి ఎక్కడుందో తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు గోడ మీద రెజిమెంట్ల వారీగా చెక్కారు. సిపాయిలతో పాటు కూలీల పేర్లూ ఉన్నాయి. రెడ్లూ నాయుళ్లూ కనపడతారని వెతక్కండి. ఎక్కువమంది పంజాబీలు, గఢ్వాలీలు, గూర్ఖాలు. గఢ్వాల్ రైఫిల్స్ వరుసలో గబర్ సింగ్ నేగి పేరు చూడండి. మొదటి రోజే ఇక్కడ ప్రాణం పోయింది, విక్టోరియా క్రాస్ ఆ తర్వాత ప్రకటించారు. గంటకు తక్కువ కాకుండా ఉండండి. రోడ్డు దాటితే పోర్చుగీసు సైనికుల శ్మశానం కూడా ఉంది.

రాత్రి బస ఈపర్‌లో. అక్కడి మెనిన్ గేట్ కింద రోజూ రాత్రి 8 గంటలకు రోడ్డు ఆపేసి, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన సైనికుల స్మృతిలో బూరాలు ఊదుతారు. 1928 నుంచీ ఇదే ఆనవాయితీ. రెండో యుద్ధంలో జర్మన్లు ఊరిని ఆక్రమించిన కాలంలో ఆగింది, 1944 సెప్టెంబరులో విడుదలైన సాయంత్రమే మళ్లీ మొదలైంది. ఆ గోడల మీది, సమాధి తెలియని సైనికుల 54 వేల పైచిలుకు పేర్లలో భారత సైనికులవీ ఉన్నాయి. ముందుగా వెళ్లకపోతే ముందువాళ్ల వీపులే చూస్తారు. అయ్యాక చప్పట్లు కొట్టకూడదు.

ఆదివారం సముద్రం. కలే నుంచి దక్షిణానికి డి940 రోడ్డు పట్టుకోండి: కాప్ బ్లాన్ నే, విస్సాన్, కాప్ గ్రీ నే, విమెరూ. ఆకాశం తేటగా ఉంటే అవతల డోవర్ తెల్ల కొండలు కనిపిస్తాయి. విమెరూ శ్మశానంలో సమాధి రాళ్లను నిలబెట్టలేదు, పడుకోబెట్టారు. అడుగున ఇసుక నేల, నిలవదు. ఫ్లాండర్స్ గసగసాల పూల మీద కవిత రాసిన కెనడా డాక్టరు జాన్ మెక్రే సమాధి అక్కడే. డంకర్క్‌కు సమయం చాలదు, వదిలేయండి. 1940లో జర్మన్లు చుట్టుముట్టినప్పుడు అక్కడినుంచి బయటపడ్డవారిలో కంచరగాడిదల దళాలతో వచ్చిన భారతీయులూ ఉన్నారు. కంచరగాడిదల్ని మాత్రం వదిలేసి రావలసి వచ్చింది.

ప్రశ్న: నాది ఇండియన్ పాస్‌పోర్టు, బ్రిటన్ వర్క్ వీసా. సీబీటీ సర్టిఫికెట్ మీద 125 సీసీ తోలుతున్నాను. ఇవి సరిపోతాయా?
- లెస్టర్ నుంచి

జవాబు: రెండూ చాలవు. మీకు షెంజెన్ వీసా కావాలి. ఫ్రాన్స్‌కూ బెల్జియంకూ ఒకటే పనికొస్తుంది. అపాయింట్‌మెంట్లు త్వరగా దొరకవు, కాబట్టి వీసా చేతికొచ్చాకే హోటల్‌కు డబ్బు కట్టండి. సీబీటీ నేర్చుకునేవాళ్ల ప్రాథమిక శిక్షణ సర్టిఫికెట్టే, బ్రిటన్ దాటితే చెల్లదు. పూర్తి లైసెన్సు వచ్చేదాకా బ్రైటన్ దగ్గర పాచమ్ కొండ మీది ఛత్రీకి వెళ్లండి. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికుల్ని దహనం చేసిన చోట 1921లో కట్టారు. బండి దిగి కాస్త నడవాలి.

ప్రశ్న: ఎండాకాలంలో కూడా వెనక కూర్చునే నాకు జాకెట్టూ గ్లవ్సూ బూట్లూ తప్పవంటున్నారు మావారు. నిజమేనా, నన్ను రాకుండా చేసే ఎత్తా?
- ఒక సోదరి, మిల్టన్ కీన్స్

జవాబు: ఎత్తు కాదమ్మా, చట్టమే. ఫ్రాన్స్‌లో నడిపేవారికీ వెనక కూర్చునేవారికీ సీఈ గుర్తున్న గ్లవ్స్ తప్పనిసరి. బెల్జియంలో వాటికి తోడు పొడుగు చేతుల జాకెట్, నిండు ప్యాంటు, చీలమండ కప్పే బూట్లు కూడా. మెరిసే చొక్కా ఒకటి సంచిలో ఉండాలి. మీవారితో మీరూ ఒక మాట చెప్పండి: అక్కడ బండి రోడ్డుకు కుడిపక్కన నడపాలి, పల్లెటూళ్లలో గుర్తులేమీ లేని కూడళ్ల దగ్గర కుడివైపు నుంచి వచ్చేవాడికే ముందు దారి. బంకులో ‘గాజోల్’ అని రాసి ఉంటే అది డీజిల్.

ప్రశ్న: మేం శాకాహారులం. తిండి మాటేమిటి?
- అదే ఉత్తరంలో

జవాబు: రొట్టె, జున్ను, పళ్లు ఎక్కడైనా దొరుకుతాయి. అవి శనివారమే కొనిపెట్టుకోండి, ఆదివారం మధ్యాహ్నం దాటితే ఫ్రాన్స్‌లో సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసేస్తారు. బెల్జియంలో వీధి చివర వేయించి ఇచ్చే బంగాళాదుంప ముక్కలు చూసి ఆగలేరు గాని, పాత పద్ధతిలో వాటిని ఆవు కొవ్వులోనే వేయిస్తారు. ఏ నూనె అని అడిగాకే పొట్లం అందుకోండి.