మోటారు సైకిలు చైను అరుగుదల: దూర ప్రయాణమునకు ముందు రైతు చేసికొనవలసిన పనులు

ఎద్దుబండి నడిచిన రోజులలో మన పెద్దలు పొరుగూరికి పోవలెనన్నను ముందు ఇరుసు చూచెడివారు. ఆముదములో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసి, దానిని ఇరుసునకు పట్టించిన తరువాతనే ఎడ్లను కట్టెడివారు. నేడు చాలా ఇండ్లలో ఎద్దుబండి స్థానమున మోటారు సైకిలు వచ్చినది. పాలక్యాను, ఎరువు బస్తా, మందు కొట్టు పంపు, పచ్చగడ్డి మోపు అన్నియు దాని మీదనే పోవుచున్నవి. పెట్రోలు ఉన్నదో లేదో ప్రతివారును చూతురు. టైర్లలో గాలి కొందరు చూతురు. చైనును మాత్రము అది మోత పెట్టువరకు చూచువారు తక్కువ.

పొలమునకు పోయి వచ్చునపుడు చైను తెగినచో బండిని నడిపించుకొని ఇల్లు చేరవచ్చును. దూర ప్రయాణములో అట్లు కాదు. గుంటూరు నుండి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురము, దోర్నాల మీదుగా శ్రీశైలము పోవు రైతు కుటుంబములు అనేకము. ఈ దారి సుమారు 220 కి.మీ. దోర్నాల దాటిన పిమ్మట నల్లమల అడవియు, ఘాటు రోడ్డును వచ్చును. మెకానిక్కు దొరకని ఆ చోట చీకటి పడు వేళ భార్యాబిడ్డలతో నిలిచిపోవుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. అంతకంటె పెద్ద ప్రమాదము ఇంకొకటి కలదు. వదులైన చైను పళ్ళ మీదినుండి జారి ఇరుకున పడినచో వెనుక చక్రము ఒక్కసారిగా బిగిసిపోవును. వేగముగా పోవు బండి చక్రము బిగిసినచో మనిషి పడిపోవును. తెగిన చైను ఇంజను తొట్టిని పగులగొట్టుటయు కలదు. కావున ఈ పాఠమును కేవలము ఖర్చు తగ్గించుకొనుటకు మాత్రమే గాక, ప్రాణరక్షణకై కూడ చదువవలెను.

చైను నిర్మాణము

1880లో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున హాన్స్ రెనోల్డ్ అను ఇంజనీరు బుష్ రోలరు చైనును కనిపెట్టెను. నేటి మోటారు సైకిలు చైను కూడ ఆ పద్ధతిదే. దీనిలో ప్రక్క పలకలు, వాటిని కలుపు పిన్నులు, పిన్నుల మీద తిరుగు బుష్షులు, బుష్షుల పైన రోలర్లు ఉండును. ఇంజను వైపున చిన్న పళ్ళచక్రము, వెనుక చక్రమునకు పెద్ద పళ్ళచక్రము ఉండును. వీటినే మెకానిక్కులు స్ప్రాకెట్లు అందురు.

చైను పళ్ళచక్రము మీదికి ఎక్కునపుడు ప్రతి కీలును వంగును. దిగునపుడు తిన్నగా లేచును. ముందు చక్రమునకు 14 పళ్ళు, వెనుకదానికి 42 పళ్ళు, చైనునకు 110 లింకులు ఉన్నవనుకొనుడు. టైరు చుట్టుకొలత 1.9 మీటర్లు అనుకొనుడు. పైన చెప్పిన 220 కి.మీ. ప్రయాణములో ఒక్కొక్క కీలు దాదాపు 1,75,000 మార్లు కదలును. చిన్న పళ్ళచక్రము దాదాపు మూడున్నర లక్షల చుట్లు తిరుగును. పెద్దదాని ఒక పన్ను ఒకసారి పనిచేయు కాలములో చిన్నదాని పన్ను మూడుసార్లు పనిచేయును. అందువలననే చిన్న చక్రము ముందుగా అరుగును. అది కవరు చాటున ఉండుటచే ఎవరి కంటను పడదు.

చైను సాగదు, అరుగును

"చైను సాగినది" అని మనమందరము అనుచుందుము. నిజమునకు ఇనుప పలకలు రబ్బరు వలె సాగవు. పిన్నునకును బుష్షునకును నడుమ రాపిడి కలిగి, అచ్చట లోహము అరిగి, సందు పెరుగును. ఒక్కొక్క కీలు వద్ద అరుగుదల పావు మి.మీ. మాత్రమే అయినను, 20 కీళ్ళకు అది 5 మి.మీ. అగును. అంతటితో చైను ఆయువు తీరినట్లే.

ఈ సంగతి గ్రహించినచో మిగిలినదంతయు సులభము. అరుగుదల జరుగుచోటు పైకి కనిపించదు. కావున నూనె కూడ పైన గాక ఆ కీలు లోనికే చేరవలెను. పైపైన దట్టముగా గ్రీజు పూసినచో అది లోనికి పోదు. పైగా దుమ్మును, ఇసుకను పట్టి ఉంచును. నూనెతో కలిసిన ఇసుక ఆకురాయి వలె లోహమును కోసివేయును. కాలువ గట్ల మీది ఇసుక, నల్లరేగడి బురద, ఎరువు బస్తాలనుండి రాలు రసాయనపు పొడి, వర్షపు నీరు, ఇవన్నియు చైనునకు శత్రువులే. ఎరువు పొడి తేమ తగిలి కరగినచో ఇనుము త్వరగా త్రుప్పు పట్టును. బస్తా మోసిన దినమున చైను వైపు కూడ ఒకసారి గుడ్డతో తుడువవలెను.

అరిగినదో లేదో తెలిసికొనుట

చైను పూర్తిగా కవరులో ఉన్న బండ్లకు ముందు కవరు విప్పించవలెను. తరువాత ఈ మూడు పరీక్షలు చేయవలెను.

1. లాగి చూచుట: వెనుక పళ్ళచక్రము యొక్క వెనుక అంచున చైనును వ్రేళ్ళతో పట్టి వెనుకకు లాగుడు. చైను పళ్ళనంటియే ఉన్నచో మంచిది. పన్ను ఎత్తులో సగము వరకు బయటపడినచో చైను మార్చవలసినదే.

2. కొలుచుట: 100 నుండి 150 సి.సి. బండ్లలో చాలావాటికి పిన్నునకు పిన్నునకు నడుమ 12.7 మి.మీ. దూరముగల చైను ఉండును. దానిని బిగువుగా పట్టి వరుసగా 21 పిన్నులు లెక్కించి, మొదటి పిన్ను నడిమినుండి చివరి పిన్ను నడిమి వరకు టేపుతో కొలువుడు. క్రొత్త చైనులో ఇది 254 మి.మీ. ఉండును. 259 మి.మీ.కు చేరినచో దానిని వాడరాదు. అరుగుదల అంతటను ఒకే తీరున ఉండదు గనుక మూడు నాలుగు చోట్ల కొలువవలెను.

3. పళ్ళు చూచుట: మంచి పన్ను రెండు ప్రక్కల సమానముగా ఉండును. అరిగిన పన్ను ఒక ప్రక్కకు వంగి కొడవలి మొన వలె కనిపించును. పళ్ళ ప్రక్కభాగములు మెరయుచున్నచో చక్రము వరుస తప్పి ఉన్నదని తెలియవలెను.

బిగువు ఎంత ఉండవలెను?

అనేకులు చైను ఎంత బిగువుగా ఉన్న అంత మంచిదని తలంతురు. ఇది పొరపాటు. వదులైన చైను జారును, బిగువైన చైను తనను తానే కాక ఇంజను బేరింగును కూడ చెరచును. ఇద్దరు కూర్చుండి సంచి కట్టినపుడు బండి వెనుకభాగము దిగును. వెనుక చక్రము దానితో పోల్చినచో పైకి లేచును. ముందు పళ్ళచక్రము, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనుక ఇరుసు ఒకే వరుసకు వచ్చినపుడు రెండు పళ్ళచక్రముల నడిమి దూరము మిక్కిలి పెరుగును. ఖాళీ బండికి బిగువుగా ఉన్న చైను, బరువు పడిన తరువాత తీగ వలె బిగిసిపోవును. గుంటలో పడినపుడు దెబ్బంతయు దాని మీదనే పడును.

చాలా చిన్న బండ్లకు క్రింది చైను నడిమిభాగము పైకి క్రిందికి మొత్తము 20 నుండి 30 మి.మీ. ఆడవలెను. మీ బండికి తగిన కొలత దాని పుస్తకములో ఉండును. దానినే పాటించవలెను. వెనుక చక్రమును త్రిప్పుచు నాలుగైదు చోట్ల చూచి, ఎక్కువ బిగువైన చోటనే కొలత సరిచేయవలెను.

సరిచేయునపుడు ఇరుసు నట్టును వదులుచేసి, రెండు ప్రక్కల అడ్జస్టరులను సమానముగా త్రిప్పుడు. రెండు వైపుల గీతలును ఒకే గుర్తునకు రావలెను. ఒక ప్రక్క ఎక్కువైనచో చక్రము వంకరపోయి చైను, పళ్ళు, టైరు మూడును చెడును. తరువాత నట్టును బాగుగా బిగించి, చీలిక పిన్ను ఉన్నచో తప్పక పెట్టుడు. చక్రము వెనుకకు జరిగినందున వెనుక బ్రేకు బిగువు మారును. దానిని కూడ సరిచూడక బండి ఎక్కరాదు.

శుభ్రపరచి నూనె వేయుట

ముందుగా ఒక హెచ్చరిక. ఇంజను ఆడుచుండగా గుడ్డతో చైను తుడుచుట మహా ప్రమాదకరము. చైను గుడ్డను లాగును, గుడ్డతో చేతిని లాగును. ఇట్లు వ్రేళ్ళు పోగొట్టుకొన్నవారు కలరు. ఇంజను ఆపి, తాళము జేబులో వేసికొని, బండిని సెంటరు స్టాండు మీద నిలిపి, చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుడు. చక్రము కదలునపుడు వ్రేళ్ళను పళ్ళ దగ్గర ఉంచరాదు. పిల్లలను దూరముగా ఉంచుడు.

చైనును కిరోసినులో గాని, అంగడిలో దొరకు చైను క్లీనరుతో గాని మెత్తని బ్రష్షు పెట్టి కడుగుడు. పెట్రోలు వాడరాదు. అది చప్పున అంటుకొనును. కొన్ని బండ్ల చైనులలో కీలు కీలుకు సన్నని రబ్బరు రింగులుండి లోపలి గ్రీజును కాపాడుచుండును. వాటికి పెట్రోలు, తీగల బ్రష్షు, సర్వీసింగు షెడ్డులోని నీటి జోరు మూడును హాని చేయును.

పొడి గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత, 90 నంబరు గేరు ఆయిలు గాని, చైను స్ప్రే గాని వేయవలెను. రబ్బరు రింగుల చైనుకు దానికి తగినదని డబ్బా మీద వ్రాసిన స్ప్రేనే కొనుడు. క్రింది చైను లోపలివైపున, పలకలు కలియు సందులలో చుక్కలు చుక్కలుగా వేయుడు. చైను తిరుగునపుడు నూనె లోపలినుండి బయటికి విసరబడుచు కీలులోనికి చేరును. రాత్రి వేసి తెల్లవారు బయలుదేరుట మంచిది. మిగిలిన నూనెను తుడిచివేయుడు. టైరుకు గాని, బ్రేకుకు గాని ఒక్క చుక్కయు తగులరాదు.

ఇంజనునుండి తీసిన పాత నల్లనూనె వాడుట మంచిది కాదు. దానిలో లోహపు రజను, మలినము ఉండును. వంటనూనెలు కొంతకాలమునకు జిగటయై గట్టిపడును. 500 కి.మీ.కు ఒకసారియు, వర్షములో తడిసినపుడును, బండి కడిగినపుడును నూనె వేయుట మరువరాదు.

మూడును కలిపి మార్చవలెను

చైను వదులైనపుడు రెండు లింకులు కోయించి మరల బిగించుకొనుట మన ఊళ్ళలో వాడుక. దీనివలన పొడవు తగ్గును గాని, మిగిలిన కీళ్ళలోని అరుగుదల పోదు. ఆ చైను పళ్ళలో సరిగా కూర్చుండక వాటిని కొడవళ్ళుగా కోయును. అరిగిన పళ్ళ మీద క్రొత్త చైను వేసినను అదియే గతి. అది చాల తక్కువ కాలములోనే పాడగును. కావున చైను, చిన్న పళ్ళచక్రము, పెద్ద పళ్ళచక్రము మూడును ఒక సెట్టుగా మార్చుటయే పొదుపు. లాకు లింకు వేయించునపుడు క్లిప్పు యొక్క మూసిన కొన చైను పోవు దిక్కునకు ఉన్నదో లేదో స్వయముగా చూడుడు. తిరగవేసినచో అది ఏదైనను తగిలి ఊడిపోవచ్చును.

ప్రయాణమునకు వారము ముందు

మార్పు చేయవలసి ఉన్నచో బయలుదేరు దినమున గాక వారము ముందే చేయించుడు. క్రొత్త చైను మొదటి కొన్ని వందల కి.మీ.లో కొంత వదులగును. ఊరిలో తిరిగి, మరల బిగువు చూచికొని పోవచ్చును. వెంట ఒక లాకు లింకు, పట్టకారు, ఇరుసు నట్టుకు తగిన పానా, చిన్న సీసాలో నూనె, పాత గుడ్డ ఉంచుకొనుడు.

ఘాటు ఎక్కునపుడు చిన్న గేరులో చైను మీద లాగుడు ఎక్కువగా ఉండును. క్లచ్చును మెల్లగా వదలుడు, కుదుపులు రానీయకుడు. "టక్ టక్" మని పళ్ళు దాటు చప్పుడు వినబడినచో వెంటనే వేగము తగ్గించి ప్రక్కకు ఆపుడు. వెనుక కూర్చున్నవారి చీర చెరగు, చున్నీ, మీ పంచె అంచు చైనులో పడకుండ సరిచేసికొనుడు. చైను కవరు, చీర గార్డు తీసివేసిన బండి మీద ఎవరినీ ఎక్కించుకొనరాదు.

జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. చైను సాగదు, కీలులో అరుగును. నూనె అచ్చటికే చేరవలెను.
2. 20 లింకుల పొడవు 254 మి.మీ.నుండి 259 మి.మీ.కు చేరినచో మార్చవలెను.
3. బరువు పడినపుడు చైను బిగియును. పుస్తకములోని వదులును తగ్గించరాదు.
4. ఇంజను ఆపక చైనును ముట్టరాదు.
5. చైను, రెండు పళ్ళచక్రములు కలిపియే మార్చవలెను.
6. చైను బిగించిన తరువాత వెనుక బ్రేకు చూడవలెను.

ఈ పనికి కావలసినది పావుగంట కాలము, గుప్పెడు గుడ్డ, నాలుగు చెంచాల నూనె. పంటకు నీరు అందవలసిన వేళ అందించు రైతు, తనను, తన వారిని మోయు బండికి ఈ పాటి శ్రద్ధ చూపుట కష్టము కాదు. ఈ సాయంత్రమే బండిని స్టాండు మీద పెట్టి, ఇంజను ఆపి, వెనుక పళ్ళచక్రము వద్ద చైనును ఒకసారి లాగి చూడుడు.