వాన కొలతలు లేని కాలపు వానలను తెలిసికొనుట ఎట్లు?

"ఈ ఏడు మన జిల్లాలో సాధారణ వర్షపాతము కంటె 25 శాతము తక్కువ కురిసినది" అని రేడియోలోనో పత్రికలోనో వచ్చినప్పుడు, ఆ 'సాధారణము' ఎక్కడి నుండి వచ్చినదని ఎప్పుడైనను ఆలోచించితిరా? వాతావరణ శాఖవారు ఇప్పుడు 1971 నుండి 2020 వరకు గల 50 ఏండ్ల సగటును సాధారణముగా తీసికొనుచున్నారు. మద్రాసులో 1813 నుండియు, దేశమున పెక్కు చోట్ల 1871 ప్రాంతము నుండియు వానను కొలిచి వ్రాసిన లెక్కలున్నవి. చెరువు ఎంత నీరు పట్టవలెను, కరువు వరుసగా ఎన్నేండ్లు రావచ్చును అను అంచనాలన్నియు ఈ కొద్ది కాలపు అనుభవము మీదనే నిలిచియున్నవి. అంతకు ముందు ఇంతకంటె దీర్ఘమైన కరువు వచ్చినదా? ఈ ప్రశ్నకు సమాధానము చెట్ల మానులలోను, గుహలలోని రాళ్ళలోను దొరకుచున్నది.

మొదట టేకు చెట్టును చూడుడు. ఎండకాలములో అది ఆకు రాల్చి పెరుగుట ఆపును. తొలకరికి చిగిర్చి పెద్ద రంధ్రములు గల చెక్కను, ఆ పిమ్మట సన్న రంధ్రముల గట్టి చెక్కను వేయును. ఈ రెండును కలిసి ఒక ఏటి వలయము. వాన బాగుగా కురిసిన ఏడు వలయము వెడల్పుగాను, కరువు ఏడు సన్నగాను ఉండును. ఏడాది పొడవునా ఆకు నిలిచియుండు పెక్కు చెట్లలో ఈ గీతలు ఇంత స్పష్టముగా కానరావు.

అయితే ఏ టేకైనను పనికిరాదు. కాలువ గట్టు మీది చెట్టుకు వానలు లేకున్నను నీరు అందును. దాని వలయములను చూచి కరువును కనిపెట్టలేము. అందుచేత శాస్త్రజ్ఞులు పలుచని మట్టి గల కొండవాలు చెట్లను వెదకుదురు. చెట్టును నరుకనక్కరలేదు, బోలు బరమాతో పెన్సిలు కంటె సన్నని పుల్లను బయటికి తీయుదురు. ఒక చెట్టు పురుగు పట్టియో, కొమ్మలు నరికినందుననో సన్నని వలయము వేయవచ్చును. కొన్ని ఏండ్ల వలయము అసలు లేకపోవచ్చును. కావున ఒకే అడవిలోని పలు చెట్లను పోల్చి, సన్న, లావు వలయముల వరుస అన్నింటిలోను సరిపోయిన పిమ్మటనే సంవత్సరము నిర్ణయింతురు. ఈ పోలిక పద్ధతితోనే అమెరికాలో డగ్లస్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు 1929లో పాడుబడిన ఇండ్ల దూలములను చూచి వాని కాలమును తేల్చెను.

కేరళ అడవుల టేకు చెట్ల నుండి 1481 మొదలు 2003 వరకు 523 ఏండ్ల వరుసను మన శాస్త్రజ్ఞులు కూర్చిరి. ఆసియా ఖండమున 300కు పైగా చోట్ల తీసిన వలయములను కలిపి 2010లో ప్రకటించిన కరువుల పటములో 1756–1768, 1790–1796, 1876–1878 కరువులు గోచరించుచున్నవి. వీనిలో చివరిది మన పెద్దలు చెప్పుకొనిన ధాత కరువు. ధాత సంవత్సరము 60 ఏండ్లకొకసారి వచ్చును: 1816, 1876, 1936, 1996. తేదీ లేని పాత కాగితములో 'ధాతలో కరువు' అని మాత్రమే ఉన్నచో అది ఏ ధాతయో తేల్చుటకు కూడ ఇట్టి వలయములు సాయపడును.

ఇక రాతి సంగతి. బొర్రా గుహలకో, బెలుం గుహలకో వెళ్ళినవారు నేల నుండి లేచిన సున్నపురాతి స్తంభములను చూచియుందురు. పైకప్పు నుండి పడు చుక్క చుక్కకు అవి పొరలు పొరలుగా పెరుగును. పైన కురిసిన వాననీరే ఆ చుక్క. నీటిలోని ప్రాణవాయువులో తేలిక రకము, బరువు రకము రెండును కలవు. బరువు రకము మేఘము నుండి ముందుగా రాలిపోవును; కావున ఋతుపవనము బలముగా ఉండి వాన విస్తారముగా కురిసిన ఏండ్లలో వాననీటిలో బరువు రకము పాలు తగ్గును. ఆ పాలే రాతి పొరలో నిలిచిపోవును. స్తంభమును నిలువుగా కోసి, పొర పొర నుండి చిటికెడు కంటె తక్కువ పొడి తీసి ఈ పాలును కొలుతురు.

పొర వయస్సు తెలియుట ఎట్లు? యురేనియము నీటిలో కరుగును. థోరియము దాదాపు కరగదు. కావున పొర ఏర్పడునప్పుడు అందులో యురేనియము మాత్రమే చేరును. అది నియమిత వేగముతో థోరియముగా మారుచుండును. ఇప్పుడున్న థోరియము ఎంతయో చూచినచో ఎన్నేండ్లయినదో లెక్కకు వచ్చును. పొరలో మట్టి కలిసియున్నచో బయటి థోరియము చేరి లెక్క చెడును. శుభ్రమైన రాయి దొరకుటయే కష్టము.

బస్తరులోని దండక్ గుహ రాయి ఇట్లు చదువబడినది. ఆ అడవుల వాననీరు శబరి ద్వారా మన గోదావరికే చేరును గనుక ఇది మనకు పరాయి సంగతి కాదు. సుమారు 600 నుండి 1500 వరకు గల వానలను ఆ రాయి చెప్పుచున్నది. 14, 15 శతాబ్దులలో వానలు ఏండ్ల తరబడి, ఒక్కొక్కప్పుడు దశాబ్దముల తరబడి సన్నగిల్లినవి. దక్కనులో 1396లో మొదలై దాదాపు పండ్రెండేండ్లు సాగినదని చెప్పబడు దుర్గాదేవి కరువు ఆ కాలపుదే. మనము సాధారణమని చెప్పుకొను 50 ఏండ్లలో అంతటి కరువు లేదు.

ఆ కరువులు నేటి వేడి లేకయే వచ్చినవి. అంటార్కిటికా మంచులో చిక్కుకొనిన గాలి బుడగల వలన, గత 8 లక్షల ఏండ్లలో పరిశ్రమల యుగమునకు ముందు గాలిలోని బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్ళకు 300 పాళ్ళు దాటలేదని తెలిసినది. ఇప్పుడది 420 దాటినది. అట్టి కరువు మరల వచ్చినచో నేల మరింత త్వరగా ఎండును.

ఈ పద్ధతులకు హద్దులున్నవి. చెట్టు సంవత్సరమును కచ్చితముగా చెప్పును; రాతి లెక్కలో కొన్ని ఏండ్లు అటునిటు కావచ్చును. ఆరుద్రలో కురిసినదా, మఖలో ఎగవేసినదా అని ఈ రెండును చెప్పజాలవు. వచ్చే ఏటి వానను వీనివలన చెప్పగలమనువారిని నమ్మవలదు. రెండేండ్ల కరువుకు చాలునట్లు కట్టిన నీటి నిల్వ ఐదేండ్లకు చాలునా అని లెక్క వేయుటకు, బోర్ల నీటిని ఏ మేరకు తోడవచ్చునో ఊరంతయు కూర్చుండి నిర్ణయించుటకు మాత్రము ఇవి అక్కరకు వచ్చును.

ఈ మారు కలప అడితికి వెళ్ళినప్పుడు టేకు దుంగ కోసిన ముఖమును తడిపి చూడుడు. బెరడు వైపు నుండి లోపలికి లెక్కించుడు. దుంగను ఏ ఏట నరికిరో అడిగి తెలిసికొనినచో, మీకు గుర్తున్న కరువు ఏడు ఎన్నవ గీత కావలెనో మీరే వెదకవచ్చును.