పంట ఫొటో పోవట్లేదా? నెట్ పరీక్షించుకోండి

ఫోన్‌లో సిగ్నల్ నిండా ఉంటుంది, పంట ఫొటో మాత్రం కదలదు. చాలామంది రైతుల ఇబ్బంది ఇదే. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో చేరిన రైతు పంట వడగళ్లకో, ముంపుకో దెబ్బతింటే 72 గంటల్లోగా తెలియజేయాలి. ఆ సమయంలో కంగారు పడకుండా నెట్ పనితీరు ముందే తెలుసుకోవాలి.

చూడాల్సిన అంకెలు

* డౌన్‌లోడ్: మన ఫోన్‌కు వచ్చే వేగం. ధరలు, వీడియోలు చూడ్డానికి ఇది ముఖ్యం.

* అప్‌లోడ్: మన ఫోన్ నుంచి పోయే వేగం. ఫొటో వెళ్లేది దీన్నిబట్టే. ఒక బైటుకు 8 బిట్లు. అంటే 4 మెగాబైట్ల ఫొటో 32 మెగాబిట్లు. అప్‌లోడ్ సెకనుకు 1 మెగాబిట్ ఉంటే అర నిమిషం, 0.2 ఉంటే రెండున్నర నిమిషాల పైనే పడుతుంది.

* పింగ్: మోటారు వేశాక చివరి మడికి నీరు చేరే ఆలస్యం లాంటిది. ఎంత తక్కువుంటే అంత మేలు.

* ప్యాకెట్ లాస్: పైపు కారడం లాంటిది. సున్నా ఉండాలి. కారుడు ఉంటే వేగం ఉన్నా వీడియో కాల్‌లో మాట తెగిపోతుంది.

పరీక్షించే తీరు

ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్ ఉచితం. రోజు కోటా అయిపోతే వేగం పడిపోతుంది కాబట్టి ముందు అది చూసుకోవాలి. వైఫై ఆపి, మిగతా యాప్‌లు మూసేయాలి. ఇంట్లో, పొలం దగ్గర, ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి పరీక్షించి అంకెలు పుస్తకంలో రాసుకోవాలి. పరీక్షకూ డేటా ఖర్చవుతుంది, పదే పదే చేయొద్దు.

ఏం చేయాలి?

రాత్రిపూటే తగ్గుతుంటే టవర్ మీద రద్దీ ఎక్కువని అనుకోవచ్చు. ఫొటోలు తెల్లవారుజామున పంపండి. ఇంట్లో తగ్గి బయట పెరిగితే గోడలు, రేకులు అడ్డమన్నమాట. ఆరుబయటికి రండి. ఎక్కడైనా, ఎప్పుడైనా తక్కువే ఉంటే అదే చోట ఇరుగుపొరుగు వారి వేరే కంపెనీ సిమ్‌తో చూడండి. అది బాగుంటే సిమ్ మార్చే ఆలోచన చేయొచ్చు. ఈ పరీక్షలేవీ చేయకుండా పెద్ద ప్యాక్ వేయించొద్దు. దాంతో డేటా పెరుగుతుందే గానీ టవర్ రద్దీ తగ్గదు. కస్టమర్ కేర్‌కు ఫిర్యాదు చేసేటప్పుడు రాసుకున్న అంకెలు చెప్పి, డాకెట్ నంబరు తప్పక తీసుకోండి.

ఇన్ని చేసినా ఫొటో కదలకపోతే గడువు దాటనివ్వద్దు. 14447కు మామూలు ఫోన్ చేసి నష్టం నమోదు చేయించుకోండి. దానికి నెట్ అక్కర్లేదు.