కొత్త లాజిక్ తర్వాత, ముందు వివరణలు

చి. హారికకు,

సెమాంటిక్ వెబ్ సర్వీసుల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టావని తెలిసి చాలా సంతోషించాను. కొత్త లాజిక్ ఒకటి కట్టి, దానికో రీజనర్ (రాసినదాని నుంచి తర్కించి ఫలితాలు తేల్చే సాఫ్ట్‌వేర్) రాస్తానన్నావు చూడు, అక్కడే నాకు పేచీ. ఈ రంగంలో లాజిక్‌కి ఏనాడూ కరువు లేదమ్మా. ఒక సర్వీసు ఏం చేస్తుందో, ఏం చెయ్యదో సరిగ్గా రాసిపెట్టిన వివరణలకే కరువు.

2001లో టిమ్ బెర్నర్స్-లీ, హెండ్లర్, లసిలా సైంటిఫిక్ అమెరికన్‌లో సెమాంటిక్ వెబ్ అనే కల గురించి రాశారు. డాక్టరు అపాయింట్‌మెంట్ కూడా సాఫ్ట్‌వేరే కుదర్చాలన్నది వాళ్ల ఊహ. ఆ ఏడాదే షీలా మెక్‌ఇల్రైత్ బృందం దాన్ని సర్వీసులకు తెచ్చింది. తర్వాత సర్వీసులను వర్ణించడానికి ఔల్-ఎస్, డబ్ల్యూఎస్ఎంఓ అని భారీ నమూనాలు వచ్చాయి. చివరికి డబ్ల్యూ3సీ ప్రమాణంగా నిలిచింది మాత్రం 2007లో వచ్చిన సాసిడిల్, అన్నిటికంటే సాదాసీదాది. ఈలోగా ఐబీఎం, మైక్రోసాఫ్ట్, శాప్ కలిసి నడిపిన బహిరంగ సర్వీసుల డైరెక్టరీని 2006లోనే మూసేశారు.

నువ్వు తప్పకుండా చదవాల్సింది 2002లో కార్నెగీ మెలన్ నుంచి పావొలూచి, సైకారా వాళ్లు రాసిన మ్యాచింగ్ పేపరు. అందులో, అడిగిందీ ఇచ్చేదీ ఒకటే అయితే ఎగ్జాక్ట్. ఇస్తానన్నది అడిగినదానికంటే విశాలమైతే ప్లగ్-ఇన్. ఇరుకైతే సబ్‌సూమ్స్. ఏదీ కాకపోతే ఫెయిల్. చక్కగా ఉంది కదూ? ఇప్పుడు ఒక సర్వీసు ‘వాహనాలు అమ్ముతాను’ అని రాసుకుందనుకో. నువ్వు అంబులెన్స్ అడిగావు. అంబులెన్స్‌ని వాహనానికి నేరుగా కింది తరగతిగా పెట్టి ఉంటే, ఆ పద్ధతి దీన్ని ప్లగ్-ఇన్‌లో కాదు, ఎగ్జాక్ట్‌లోనే వేస్తుంది. వాహనాలు ఇస్తానన్నవాడు దానికి నేరుగా కింద ఉన్న రకాలన్నీ ఇస్తానని మాటిచ్చినట్టే అని వాళ్ల లెక్క. తీరా వెళ్లి చూస్తే అక్కడ ఉన్నవి పాత స్కూటర్లు! రీజనర్ తప్పేమీ లేదు. ‘ఏవో కొన్ని’ అనాల్సిన చోట ‘అన్నీ’ అని అర్థం వచ్చేలా రాసిన వివరణదే తప్పు.

ఇంకొకటి. టికెట్ ఎవరి పేరు మీద ఉందో చెప్పే గుణానికి విలువ ఎప్పుడూ మనిషే అని ఔల్ భాషలో రాశావనుకో. పొరపాటున అక్కడ ఒక బస్సు వచ్చిపడింది. రీజనర్ గోల పెడుతుందనుకుంటావు. పెట్టదు. ‘అయితే ఈ బస్సు కూడా మనిషే’ అని తేల్చేసి ఊరుకుంటుంది! బస్సు మనిషి కాదని నువ్వు విడిగా రాస్తేనే వైరుధ్యం బయటపడుతుంది. రాయనిదాన్ని అది అబద్ధమనుకోదు, తెలియదనుకుంటుంది. డేటా తనిఖీ కావాలంటే 2017లో వచ్చిన షాకిల్ ఉంది, దాన్ని వాడు.

ఎంత ఎక్కువ చెప్పగలిగే భాషైతే అంత గొప్ప అనే మోజు కూడా వదులుకో. ఔల్ 2 డీఎల్‌లో చాలా చెప్పుకోవచ్చు కానీ, గడ్డు సందర్భాల్లో లెక్క తెమలడానికి విపరీతమైన సమయం పడుతుంది. ఔల్ 2లోనే చిన్న భాషైన ఈఎల్‌లో ‘కాదు’, ‘లేదా’, ‘మాత్రమే’ అని స్వేచ్ఛగా అనడానికి వీల్లేదు. అందుకే మూడు లక్షలకు పైగా భావనలున్న వైద్య పదకోశం స్నోమెడ్ సీటీని ఎల్క్ అనే రీజనర్ మామూలు ల్యాప్‌టాప్ మీద సెకన్లలో వర్గీకరిస్తుంది. వైద్యరంగంలో వాడుకలో నిలిచింది ఆ చిన్న భాషే.

వివరణలు ఇప్పుడు భాషా మోడళ్లే రాసిపెడతాయిగా అంటావు. రాస్తాయి. అవి నిజమో కాదో తేల్చే పని నీదే.

కాబట్టి నా మాట విని, రీజనర్ పని ఆర్నెల్లు పక్కన పెట్టు. ఆర్టీసీ టికెట్టు, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్ లాంటివి ఓ ఇరవై తీసుకుని, ఇన్‌పుట్, అవుట్‌పుట్, ముందస్తు షరతు, జరిగే మార్పు, అన్నీ ప్రొటెజీ ఎడిటర్‌లో చేత్తో రాయి. వాటి మీద హెర్మిట్ రీజనర్ నడిపి, అది నీకు నచ్చని జవాబిచ్చిన ప్రతిచోటా కారణం రాసిపెట్టుకో. దసరాకి ఇంటికొచ్చేటప్పుడు ఆ ఫైళ్లు తీసుకురా, కూర్చుని చూద్దాం.

ఇట్లు,
పెదనాన్న