తాళం వదిలితే ఆగిపోయే ట్రక్కు

ఫస్టియర్ బేసిక్ ఎలక్ట్రికల్‌లో ఓమ్ సూత్రం చదివి, పరీక్ష రాసి, ఆ సాయంత్రమే మర్చిపోయిన వాళ్లందరి కోసం ఈ వ్యాసం. ఆ ఒక్క సూత్రంతో 50 ఏళ్ల నాటి బండి ఎందుకు మొరాయిస్తోందో పట్టుకోవచ్చు. అది తెలియకపోతే కాయిల్ మారుస్తారు, బ్యాటరీ మారుస్తారు, డిస్ట్రిబ్యూటర్ మారుస్తారు, చివరికి విసుగొచ్చి బండినే అమ్మేస్తారు. అసలు తప్పు మాత్రం చిలుము పట్టిన ఏదో ఒక కనెక్టర్‌లో ఉంటుంది.

మన రోడ్ల మీద కనిపించే పికప్ వ్యాన్లు ఎక్కువగా డీజిల్‌వి. డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గే ఉండదు కాబట్టి ఈ గొడవ వాటికి లేదు. అందుకే ఉదాహరణకి అమెరికా వెళ్దాం. 1967 నుంచి 1972 దాకా తయారైన షెవ్రొలే సి10 పెట్రోల్ పికప్‌ని తీసుకుందాం. అక్కడ వీటిని ఇప్పటికీ ముద్దుగా చూసుకునే వాళ్లున్నారు. ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్ లేదు, స్కానర్ పెట్టడానికి సాకెట్ లేదు. తప్పు ఎక్కడుందో బండి తనంతట తాను చెప్పదు, మనమే అడగాలి.

ముందు కరెంటు దారి చూద్దాం. బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు మీది తాళం స్విచ్‌కి, అక్కడి నుంచి ఇంజన్ వెనక గోడలోని పెద్ద కనెక్టర్ గుండా కాయిల్ పాజిటివ్‌కి, కాయిల్ నెగటివ్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లకి, అవి కలిసినప్పుడు ఎర్త్‌కి. పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం కూలిపోతుంది, రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి, ప్లగ్‌లో నిప్పురవ్వ లేస్తుంది. అంతే కథ.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది. కనెక్టర్ నుంచి కాయిల్‌కి వచ్చేది మామూలు వైర్ కాదు, కావాలనే రెసిస్టెన్స్ పెట్టిన వైర్. లెక్క తేలిగ్గా ఉండటానికి కాయిల్ 1.5 ఓములు, ఈ వైర్ 1.5 ఓములు, బ్యాటరీ 12 వోల్టులు అనుకుందాం. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు 4 ఆంపియర్లు పారుతుంది, కాయిల్ దగ్గర 6 వోల్టులే మిగులుతాయి. "సగం వోల్టేజీ వృథాయే కదా?" అనిపిస్తుంది. కాదు. ఆ వైర్ లేకుండా నేరుగా ఇస్తే కరెంటు 8 ఆంపియర్లు అవుతుంది, కాయిల్‌లో వేడి నాలుగు రెట్లు. పాయింట్లు త్వరగా మాడిపోతాయి.

సరే, సెల్ఫ్ కొట్టేటప్పుడు? సెల్ఫ్ మోటార్ వందల ఆంపియర్లు లాగేస్తుంది, బ్యాటరీ 10 వోల్టుల దాకా పడిపోతుంది. అందులో సగమంటే 5. చలికాలం పొద్దున ఆ స్పార్క్ సరిపోదు. అందుకని సెల్ఫ్ సోలినాయిడ్ మీద 'ఆర్' అనే టెర్మినల్ నుంచి ఇంకో వైర్ నేరుగా కాయిల్ పాజిటివ్‌కి వస్తుంది. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపే అందులో కరెంటు ఉంటుంది, తాళం వదలగానే పోతుంది. అంటే కాయిల్‌కి రెండు దారులు: స్టార్ట్ చేయడానికి ఒకటి, నడవడానికి ఒకటి.

ఇది అర్థమైతే సగం రోగనిర్ణయం టూల్స్ ముట్టకుండానే అయిపోతుంది. సెల్ఫ్ కొడుతుంటే ఇంజన్ అందుకుంటోంది, తాళం వదలగానే టక్కున ఆగిపోతోంది. అంటే కాయిల్, పాయింట్లు, ప్లగ్‌లు అన్నీ పని చేస్తున్నట్టే. నడిచే దారి ఎక్కడో తెగింది: తాళం స్విచ్, గోడ కనెక్టర్, లేదా ఆ రెసిస్టెన్స్ వైర్. దీనికి తలకిందుల లక్షణం ఇంకోటుంది. ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అందుకోదు, విసిగి తాళం వదిలిన క్షణంలో అందుకుంటుంది. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది సోలినాయిడ్ నుంచి వచ్చే వైర్‌ని. ఈ రెండో లక్షణం చూసి కార్బురేటర్ విప్పే వాళ్లుంటారు. పాపం కార్బురేటర్.

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. బండి సరిగ్గా నడవట్లేదు, మల్టీమీటర్ కాయిల్ పాజిటివ్ మీద పెడితే 12 వోల్టులు చూపిస్తోంది. "కరెంటు వస్తోంది, వైరింగ్ బాగుంది" అని ముందుకెళ్లిపోతారు. ఆగండి. రెసిస్టెన్స్ వైర్ గుండా వచ్చే చోట 12 ఎలా కనిపించింది? పాయింట్లు విడిపోయి ఉన్నాయి కాబట్టి. కరెంటు పారడం లేదు, సున్నాని ఏ ఓములతో గుణించినా సున్నాయే, అందుకే ఎక్కడా వోల్టేజీ తగ్గలేదు. మీటర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 10 మెగాఓముల దాకా ఉంటుంది. కనెక్టర్‌లో వేల ఓముల చిలుమున్నా దానికి తేడా తెలియదు.

మెకానిక్‌లు వాడే బల్బు టెస్టర్ ఈ విషయంలో మీటర్ కంటే నయం, ఎందుకంటే అది కొంచెమైనా కరెంటు లాగుతుంది. కానీ దానికీ హద్దుంది. 3 వాట్ల బల్బు వెలిగినప్పుడు 48 ఓములు. దారిలో 5 ఓముల చిలుముంటే బల్బు కాంతిలో తేడా కంటికి ఆనదు. అదే 5 ఓములు కాయిల్‌కి ప్రాణాంతకం. మొత్తం 3 ఓములు కాస్తా 8 అవుతుంది, 4 ఆంపియర్లు 1.5కి పడిపోతుంది. కాయిల్‌లో నిలిచే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి స్పార్క్ బలం ఏడో వంతుకి దిగుతుంది.

అందుకే సర్క్యూట్ తన పని తాను చేస్తుండగా కొలవాలి. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు కలిసి ఉండేలా ఇంజన్‌ని కొంచెం తిప్పండి. తాళం ఆన్. మీటర్ ఒక కొన బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది రెసిస్టెన్స్ వైర్ మొదలయ్యే చోట. ఇక్కడ అర వోల్టు కంటే ఎక్కువ చూపించకూడదు. మన 5 ఓముల చిలుముంటే 7.5 వోల్టులు చూపిస్తుంది, ఇంక వాదనే లేదు. రెండో కొనని ఒక్కో కనెక్టర్ వెనక్కి జరుపుకుంటూ రండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో, ఆ రెండు చోట్ల మధ్యే దొంగ ఉన్నాడు. తర్వాత కాయిల్ నెగటివ్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలవండి. పాయింట్లు కలిసి ఉంటే దాదాపు సున్నా రావాలి. రాకపోతే పాయింట్లు మాడాయి, లేదా ఎర్త్ బలహీనం. తాళం అలాగే ఆన్‌లో వదిలేసి టీకి వెళ్లకండి, కాయిల్ వేడెక్కుతుంది.

అప్పుడప్పుడూ మాత్రమే ఆగే బండి ఇంకా మొండి. మీటర్ తగిలించి ఉంచి, ఒకరు అంకె చూస్తుంటే ఇంకొకరు వైర్లని, తాళాన్ని, గోడ కనెక్టర్‌ని మెల్లగా కదపాలి. హైవే మీద ట్రక్కుల మధ్య ఇంజన్ ఆగిపోవడం కంటే షెడ్డులో గంటసేపు వైర్లు కదపడం నయం.

చాలామంది దొరికిన తప్పుని సరిచేయకుండా బ్యాటరీ నుంచి కాయిల్‌కి నేరుగా ఒక వైర్ లాగేస్తారు. పరీక్షకి రెండు నిమిషాలు, ఫ్యూజు పెట్టి, అయితే పర్వాలేదు. అది ఉండగా తాళం ఆఫ్ చేసినా ఇంజన్ ఆగదని గుర్తుంచుకోండి, వైర్ పీకితేనే ఆగుతుంది. దాన్నే శాశ్వతం చేస్తే పాయింట్లు పోతాయి, కాయిల్ పోతుంది, ఫ్యూజు లేని ఆ వైర్ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే మంటలే. పాడైన రెసిస్టెన్స్ వైర్ బదులు అదే విలువున్న పింగాణీ రెసిస్టర్ పెట్టుకోవచ్చు. ఆ కాలపు డాడ్జ్ ట్రక్కుల్లో కంపెనీయే అలాంటిది బిగించేది.

దీనికి పూర్తిగా ఉల్టా కేసు కూడా ఉంది. ఈ పాత షెవ్రొలేలకి చాలామంది పాయింట్లు తీసేసి, 1970ల మధ్యలో జనరల్ మోటార్స్ తెచ్చిన ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ బిగిస్తారు. దానికి పూర్తి బ్యాటరీ వోల్టేజీ కావాలి. పాత రెసిస్టెన్స్ వైర్ అలాగే ఉంచేస్తే బండి స్టార్టవుతుంది, ఐడిల్‌లో బుద్ధిగా ఉంటుంది, స్పీడ్ పెంచేసరికి తడబడుతుంది. అప్పుడు కొత్త డిస్ట్రిబ్యూటర్‌ని తిట్టే ముందు, కాయిల్‌కి వచ్చే ఆ పాత వైర్‌ని చూడండి.